శ్రీమద్దక్షిణహస్త విజయం

ప్రబంధమన్న తర్వాత పద్దెనిమిది వర్ణనలు ఉండితీరాలని లాక్షణికులు శాసించి వెళ్లిపోయారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవిహారం, జలక్రీడ, మధుపానం, ఇట్లా సాగి సాగి దండయాత్ర, యుద్ధం, నాయకాభ్యుదయం దాకా ఆ పట్టీ పోతుంది. కథ జరిగే సదుంలో సముద్రం లేదు. జలక్రీడకు చెరువులో నీళ్లుండాలి, అది వానదేవుడికీ చెరువుకూ మధ్య వ్యవహారం. మధుపానం డాక్టరు మాన్పించాడు. మిగతావాటికి నాదీ పూచీ. పర్వతాలంటారా, ఊరి చుట్టూ గుట్టలు ఏనుగుల మందల్లా కూర్చునే ఉన్నాయి. ఉద్యానమంటారా, మామిడితోపులున్నాయి. దండయాత్ర ఉంది, ఘోరయుద్ధం ఉంది. ఇక మిగిలింది నాయకుడు.

నాయకుడు మా మామ కాదు, మామ కుడిచేయి. మామ కేవలం ఆ మహారాజు కొలువుండే కోట. ఆ హస్తరాజు వైభవాన్ని వర్ణించాలంటే ఆదిశేషుడి వేయి నాలుకలూ చాలవు. అయినా ఆయనకు చేతులే లేవు కాబట్టి అడిగి లాభం లేదు.

ఆకాశంలో నక్షత్రాలు 27, మనిషి చేతిలో ఎముకలూ 27. అశ్విని మొదలు రేవతి దాకా చంద్రుడు ఒక్కొక్క ఇంట్లో విడిదిచేస్తూ చుట్టి వచ్చినట్టు, రాగిసంగటి తునక ఆ 27 అస్థుల ఆవరణలో ఒక్క తిప్పు తిరిగి, నున్నటి ముద్దై, నడుమ బొటనవేలి నొక్కుతో చంద్రుడిలో కుందేలంత గుంటపడి, ఆ గుంటలో ఊరుబిండిని నింపుకొని, మీసాల తోరణం కింద నుంచి ముఖద్వార ప్రవేశం చేసేది. సేనాధిపతి అంగుష్ఠుడు. ఏకలవ్యుడి చేతి నుంచి ద్రోణుడు అడిగి పుచ్చుకున్నది ఏ వేలో తెలిసిన వాళ్లకు ఆ పదవి ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. మంత్రి తర్జని, దారి చూపడమూ బెదిరించడమూ ఆయన శాఖలే. మధ్యముడు పొడగరి. అనామిక పేరులేని బంటు, పేరు లేకపోయినా పెళ్లినాటి ఉంగరం మోసిన బంటు. చివర కనిష్ఠిక, చెవిలో దురద అనే ఉపద్రవాన్ని ఒంటరిగా అణచిన చిన్నోడు.

ఆ చేతి దిగ్విజయాలు ఒకటా రెండా? కోడి కూయకముందే కొట్టంలో పుంగనూరు ఆవు ముందు మోకరిల్లేది. మనిషి నడుమెత్తుకైనా రాని ఆవు అది. ఆ మరుగుజ్జు కామధేనువు పొదుగు కిందికి చేరి, బొటనవేలూ చూపుడువేలూ చేసే సంధివిగ్రహాలతో చెంబులో చుంయ్ చుంయ్ మని క్షీరసాగరం మొదటి కెరటాలు లేపేది. తెల్లవారాక టమోటా తోటలోకి నడిచేది. ఎర్రబారుతున్న పండును తొడిమ దగ్గర తాకి, నొక్కితే నలుగుతుంది, వదిలితే జారుతుంది అన్న ఆ వెంట్రుకవాసి బలాన్ని తూచి, నెలల పిల్లాణ్ని ఊయల్లోంచి తీసినట్టు తీసి బుట్టలో పడుకోబెట్టేది. రాత్రయితే నిండు బాక్సుల్ని మదనపల్లె మార్కెట్టుకు పోయే బండి మీదికి, గోవర్ధనం ఎత్తినవాడికి మేనల్లుడి వరసైనట్టు, ఎత్తి పేర్చేది.

ఇంతటి వేళ్లలో నిజానికి కండరం ఒక్కటీ లేదు! వేళ్లను ఆడించే కండలన్నీ మోచేతికీ మణికట్టుకూ నడుమ, అరచేతి గుంటల్లో కూర్చుని దారాలు లాగుతుంటాయి. మా సీమలో తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తెర మీద హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు తెర వెనక ఒకాయన చెమటోడుస్తుంటాడు. ఆయనకూ వెనక రాగం తీసే గొంతు ఒకటుంటుంది, ఆ గొంతు మెదడు. గొంతు ఆగితే బొమ్మ ఉంటుంది, దారం ఉంటుంది, ఆడించే మనిషీ ఉంటాడు, ఆట మాత్రం ఉండదు.

ఈ చేతికి ఒక ప్రతిజ్ఞ కూడా ఉండేది. భీష్ముడికి బ్రహ్మచర్యం ఎట్లాగో మా మామకు ఇది అట్లా. సంతలో, రచ్చబండ మీద, పెళ్లిపందిట్లో, ఎక్కడ కూర్చున్నా మాట మధ్యలో దూర్చేవాడు. "నేను ఎవురి ముందరా చెయ్యి చాచినోణ్ని కాదప్పా!" టమోటా ధర కిలో రూపాయికి పడిపోయి, రైతులు పండ్లను రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో కూడా ఆ చెయ్యి చాచుకోలేదు. ఇచ్చేటప్పుడు పైనుంచి కిందికి వంగేది. వెల్లకిలా తిరగడం దాని వంశంలోనే లేదు.

దేవతలు ఇట్లాంటి ప్రతిజ్ఞలు వింటూ ఉంటారు.

ఒక రాత్రి బాక్సు ఎత్తబోతే చెయ్యి జారింది. పండ్లు దొర్లాయి. రెండోసారి ఎత్తబోతే చెయ్యే లేవలేదు. నోటి మాట ఒక పక్కకు ఒరిగింది. అత్త ఆసుపత్రికి పోదామంటే, "బండి పోనీ, పొద్దున సూస్తాం, పడుకుంటే సరిపోతాదిలే" అని చాపెక్కాడు. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువుంటుంది. మామ ఏడు గంటలు నిద్రపోయాడు. టమోటాలు మాత్రం వేళకు మార్కెట్టు చేరాయి. ఈ ఒక్క పేరాకు అలంకారాలు వేయడానికి నాకు చేతులు రావడం లేదు. చదివేవాళ్లు మాత్రం ఆ నాలుగున్నర అంకెను గుర్తుపెట్టుకోండి.

తెల్లవారేసరికి కోట కుడి బురుజు కూలిపోయింది. కాలు కొన్ని వారాల్లో లేచి నడిచింది. చెయ్యి లేవలేదు. మొదట మెత్తగా, నీళ్లు లేక వాలిన టమోటా కొమ్మలా వేలాడింది. నెలలు గడిచేకొద్దీ బిగుసుకుపోవడం మొదలైంది. పక్షవాతం పెట్టే చిత్రమైన ముట్టడి అది. మూసే కండలకు మదమెక్కుతుంది, తెరిచే కండలకు నిద్ర పడుతుంది. మోచేయి మడుచుకుంది, ముంజేయి బోర్లా తిరిగింది, మణికట్టు వంగింది, నాలుగు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకుని సేనాధిపతి అంగుష్ఠుణ్ని లోపల బందీగా పట్టుకున్నాయి. "ఏందో దాచిపెట్టుకోని ఎవురికీ సూపీనట్టుండాదే" అనేది అత్త. గోళ్లు తీయడానికి ఆ పిడికిలి తెరవాలంటే ఆమెకు లంకాద్వారం తెరిచినంత పనయ్యేది.

ఇప్పుడు రాజ్యం ఎడమచేతి పాలైంది. దాని సంగతి తెలిసిందే, జన్మంతా వేరే శాఖలో ఉద్యోగం చేసింది. దాంతో సంగటి తినడం మామకు ససేమిరా. "స్పూను తెప్పిస్తా మామా" అన్నాను ఒకసారి. ఆయన చూసిన చూపుకు కామదహనం నాటి మూడో కన్ను చిన్నబోవాల్సిందే. "సంగటికి స్పూనా? ముద్దపప్పుకు గొడ్డలి తెస్తావా?" అందుకని అత్త కలిపి పెట్టేది. ఆయన కళ్లు మూసుకుని నోరు తెరిచేవాడు. ఏడు నెలలు. యుద్ధకారణం ఇదే! హెలెన్ కాదు, సీత కాదు, కురుక్షేత్రపు అయిదూళ్లూ కాదు. ఒక ముద్ద సంగటి.

ఇక దండయాత్రా వర్ణనం. తొలికోడి వేళ, పులిచారల దుప్పటి కప్పుకున్న ఆటోరథం ఒకటి గుర్రుమని వాకిట నిలిచింది. ముందు సీట్లో సారథి. వెనక సీట్లో నడుమ మామ, ఆయన ఒడిలో తెల్ల తువ్వాలు మీద పట్టువస్త్రం మీద ఉత్సవవిగ్రహంలా మహారాజు. పక్కన అత్త, ఆమె కాళ్ల దగ్గర అక్షయపాత్ర లాంటి స్టీలు క్యారేజీ. ఇంకో పక్క ఈ వ్రాయసకాడు, చంకలో స్కాన్ ఫిలిముల కవరుతో. కొక్కొరొకోలు శంఖారావాలయ్యాయి, వీధికుక్కలు కొంతదూరం గౌరవవందనంతో వెంట నడిచాయి. ఆటో బస్సైంది, చిత్తూరు వచ్చింది, కాట్పాడి వచ్చింది. వేసవి పాలారు వంతెన మీద నుంచి చూస్తే నది పేరులోనే పాలున్నాయి, అడుగున ఇసుక ఉంది. దాన్ని సముద్రవర్ణన కింద జమ చేసుకోవాలని మనవి.

అవతల వేలూరు. చేతుల చరిత్రలో ఈ ఊరిది కురుక్షేత్రమంతటి పేరు. మా చిత్తూరు సీమ మనుషులకు ఒళ్లు బాగాలేకపోతే "వేలూరుకు పోయినారు" అంటే చాలు, ఎక్కడికని ఎవరూ అడగరు. 1900లో అయిడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అక్కడ సీఎంసీగా మర్రిమానైంది. 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు అక్కడే కుష్ఠురోగుల కొంకర్లు పోయిన వేళ్లను చూశాడు. అవి రోగం తినేసిన వేళ్లు కావనీ, దారం తెగిన బొమ్మలనీ కనిపెట్టాడు. ముంజేతిలో బతికున్న కండరపు తాడును మళ్లించి వేళ్లకు ముడివేశాడు. గోరుముద్ద తినలేని చేతులు గోరుముద్ద తిన్నాయి. ఆయన దగ్గర నేర్చుకున్న మేరీ వర్గీస్ కథ మరీ అద్భుతం. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుము కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత పునరావాస వైద్యంలో తర్ఫీదు పొంది వచ్చి, 1966లో తెరిచిన పునరావాస సంస్థకు తలమానికమైంది. కాళ్లు లేచి రాని వైద్యురాలు, చేతులు లేచి రాని రోగి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చూసుకున్న ఆ చూపును ఏ కవీ పట్టలేడు. నేను ప్రయత్నించను.

మేం చేరింది ఆ ఊళ్లోనే ఒక చిన్న ఫిజియోథెరపీ గదికి. తలుపు మీద పేరు చిన్నది, లోపల జరిగే సంగ్రామం పెద్దది. నడుమ బల్ల, బల్ల మీద, ఆహా, యంత్రం! మయసభ అనుకుని లోపలికొచ్చిన మామ నిరాశపడ్డాడు. "ఇంతేనా? మా మోటారు స్టార్టరే ఇంతకన్నా పెద్దదిగా ఉంటాదే" అన్నాడు. చిన్నదైతేనేం? వామనుడూ చిన్నవాడే, పుంగనూరు ఆవూ చిన్నదే.

దీని పేరు ప్లూటో. 2006లో గ్రహపదవి ఊడి మరుగుజ్జు గ్రహాల వరసలో కూర్చున్న ఆ దూరపు లోకం పేరూ, రోమన్ల యమధర్మరాజు పేరూ అదే. యముడి పేరున్న యంత్రం దగ్గరికి రోగిని తీసుకుపోవడం శుభమా అని అడిగితే, సావిత్రి పోలేదా అంటాను. సీఎంసీ వైద్య ఇంజనీర్లూ ఐఐటీ మద్రాసు వాళ్లూ కలిసి దీన్ని తయారుచేశారు. 2025లో లోకానికి అంకితం చేశారు. దీనికి వంశవృక్షం లేకపోలేదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ అనే ఇద్దరు మనిషి చేయి పట్టుకుని నడిపించే మరచేయి యంత్రం చేశారు. దాని పేరు మానస్, లాటిన్‌లో చేయి అని అర్థం. మన చెవికి మనసులా వినబడుతుంది. మూర్ఛపోయిన చేతికి నిజంగా కావలసిందీ అదే కాబట్టి ఆ పేరును నేను సంస్కృతం కిందే లెక్కవేస్తాను. అది భుజాన్నీ మోచేతినీ నడిపించే ఐరావతం. ఈ ప్లూటో మణికట్టు దగ్గరికీ వేళ్ల దగ్గరికీ వచ్చే గుర్రప్పిల్ల.

కడుపులో మోటారు ఒక్కటే! కానీ ముఖాలు అనేకం. ఒక పిడి తగిలిస్తే మణికట్టును పైకీ కిందికీ ఆడిస్తుంది, అది తీసి ఇంకోటి తగిలిస్తే పక్కలకు ఆడిస్తుంది, మరొకటి పెడితే ముంజేతిని బోర్లా వెల్లకిలా తిప్పుతుంది, ఇంకొకటి పెడితే పిడికిలి తెరిచి మూస్తుంది. దశావతారాలెత్తిన ఏకమూర్తి అంటే నిజంగా ఇదే. ఎదురుగా తెర, తెర మీద ఆట. చెయ్యి కదిలితే తెరపై బ్యాటు కదులుతుంది, బంతి ఎగిరొస్తుంది, కొట్టాలి. చెయ్యి తన బలంతో పోగలిగినంత పోతే మోటారు మౌనంగా ఉంటుంది. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ్నుంచి, కావలసినంతే, చిటికెడంతే తోస్తుంది. బిడ్డకు నడక నేర్పే తల్లి చీరకొంగులా ఉంటుందా తోపు. అందకుండా పోదు, మోసుకునీ పోదు.

పీఠం మీద ఫిజియో అమ్మాయి. శీల ఊడిన రథచక్రానికి వేలు అడ్డం పెట్టి దశరథుణ్ని గెలిపించిన కైక మళ్లీ పుట్టి తెల్లకోటు వేసుకున్నట్టుంది. తమిళం కలిసిన వేలూరు తెలుగులో, "అయ్యా, భయం వద్దు, నేను చెప్పినప్పుడు తెరవండి" అంది. మహారాజును పిడిలో కూర్చోబెట్టి వెల్క్రో పట్టీలు బిగించింది. చర్ చర్ మన్న ఆ శబ్దం కవచధారణ వేళ మోగిన మొదటి నగారా.

యుద్ధారంభం!

"తెరవండి."

పైనుంచి ఆజ్ఞ బయలుదేరింది. కపాలకైలాసం నుంచి వెన్నుపాము రాజమార్గంలో, భుజం చౌరస్తా దాటి, మోచేతి మలుపు తిరిగి, తడబడుతూ, దారితప్పుతూ, కాలిన వీధుల్లో పడుతూ లేస్తూ. గది ఊపిరి బిగబట్టింది. ఫ్యాను తిరగడం మరిచిపోయింది, కరెంటు పోవడం వల్ల కూడా కావచ్చు. మామ నుదుట చెమట ముత్యాలై, ముత్యాలు కలిసి వాగై, వాగు కనుబొమల కట్టమీద నిలిచింది. దవడ బిగిసింది. కుడిచెయ్యి తెరుచుకోమంటే ఎడమచెయ్యి తెరుచుకుంది, కాలివేళ్లు తెరుచుకున్నాయి, నోరు తెరుచుకుంది. పిలిచింది ఒకణ్ని, పలికింది ఊరంతా! పిడికిలి మాత్రం పెనుగొండ కోటలా నిలబడే ఉంది.

"ఇంకా..."

అప్పుడు, సరిగ్గా అప్పుడు, పాలకడలి అడుగున మందరం తొలిసారి కదిలినట్టు, శిశుపాలుడి నూరోతప్పు దగ్గర చక్రం వేలికొసన వణికినట్టు, తర్జని వణికింది. మోటారు దాన్ని విన్నది. జి...మ్మని భ్రమరనాదం చేస్తూ ఆ వణుకును భుజాన వేసుకుని ముందుకు నడిచింది. తెర మీద బ్యాటు కదిలి బంతికి తగిలింది. "టింగ్!"

వేయి దుందుభులు కాదు, లక్ష శంఖాలు కాదు, టింగ్. అత్త రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. యంత్రం గుండెలోని చిత్రగుప్తుడు పద్దు రాసి తెర మీద చూపించాడు, సొంతంగా తెరిచింది 4 డిగ్రీలు. నాలుగు! గడియారంలో నిమిషం ముల్లు ఒక నిమిషంలో 6 డిగ్రీలు కదులుతుంది. అంతకన్నా తక్కువ. అయినా త్రివిక్రముడి మూడో అడుగుకు లేని దూరం ఆ నాలుగు డిగ్రీల్లో ఉంది. నమ్మకపోతే ఏడు నెలలు మూసి ఉన్న తలుపు ముందు కూర్చుని చూడండి.

తర్వాతి రోజులు కుంభకర్ణ నిద్రాభంగ ఘట్టం. ఒక శూలం పోటుకు ఆయన లేవలేదు కదా. ఏనుగులు తొక్కాయి, భేరులు మోగాయి, మాంసపు గుట్టల వాసన చూపించారు. నిద్రపోయిన చేతికీ అదే తీరు, పిలిచి పిలిచి పిలవాలి. 2009లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం కొందరు మామూలు ఫిజియో గదుల్లో కూర్చుని లెక్కపెట్టారు. ఒక పూట చికిత్సలో చేత్తో చేయించే పనిమాలిన కదలికలు కాక పనికొచ్చే కదలికలు సగటున 32. జంతువుల మీద ప్రయోగాల్లో మెదడు కొత్తదారులు వేసుకున్నది వందలసార్లు చేస్తేనే. మనిషి ఫిజియోకు మోకాళ్లు నొస్తాయి, మధ్యాహ్నం ఆకలేస్తుంది, పక్క మంచంలో ఇంకో రోగి పిలుస్తాడు. యంత్రానికి ఆకలి లేదు. వంద అంటే వంద, రెండొందలంటే రెండొందలు, మొదటి పిలుపు ఎంత మర్యాదగా పిలిచిందో రెండువందలోదీ అంతే మర్యాదగా పిలుస్తుంది.

ఈ దారుల సంగతి మామకు అర్థమయ్యేట్టు ఫిజియో అమ్మాయి చెప్పలేకపోతే నేను చెప్పాను. "మామా, మన చెరువు తూము పూడిపోయిందనుకో. మడి ఎండిపోతాది. అయితే పక్క కయ్యలో నీళ్లుండాయి గదా. గట్టు మీద చిన్న గండి కొట్టి రోజూ పారతో తోడతా ఉంటే?"

"కొత్త కాలవ పడతాది."

"అదీ సంగతి."

"అంటే ఈ బిడ్డ నా తలకాయిలో నీళ్లు కడతా ఉండాదా?" అన్నాడు మామ. అంతకన్నా బాగా ఏ నరాల డాక్టరూ చెప్పడు. ఆ రోజునుంచి వేలూరుకు పోవడమంటే ఆయనకు నీళ్లు కట్టడానికి పోవడమే.

ఇంత వీరరసం నడుమ నిజాయితీగల వందిమాగధుడు ఒక మాట చెప్పితీరాలి. రాజు గెలుస్తుంటే యంత్రాన్ని దేవుణ్ని చెయ్యాలనిపిస్తుంది. 2019లో బ్రిటన్‌లో 770 మంది పక్షవాత రోగులతో పెద్ద పరీక్ష జరిపారు, మామూలు చికిత్స కన్నా మరచేతి చికిత్స వల్ల చెయ్యి పనితనం అదనంగా మెరుగుపడలేదని తేలింది. గుర్రం మంచిదే, కానీ గెలిచేది రౌతు. మామ పిడికిలి తెరవడానికి మోటారు తోసిన చిటికెడెంతో, ఇంట్లో అత్త రోజుకు మూడుసార్లు టమోటాలు ఎదురుగా పోసి "ఇవి ఏరు, అవి ఏరు" అని పెట్టిన పోరెంతో, పాలు పంచడం నా వల్ల కాదు. అమెరికాలో ఎడ్వర్డ్ టౌబ్ అనే ఆయన పద్ధతి ఇంకొకటుంది, మంచి చేతిని కట్టేసి చెడ్డచేతితోనే పని చేయించడం. అత్తకు ఆ పేరు తెలియదు. మామ ఎడమచెయ్యి టీ గ్లాసు మీదికి పోయినప్పుడల్లా గరిటెతో దాని మీద ఒకటి వేసేది. విద్యకు ఊరేమిటి, పేరేమిటి!

నెలలు దొర్లాయి. 4 పదకొండైంది, పదకొండు ఇరవైమూడైంది. ఒకరోజు మళ్లీ పదిహేనుకు పడిపోయి మామ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మార్కెట్టు ధరలాగే డిగ్రీలకూ ఎగుడుదిగుళ్లుంటాయని తర్వాత తనే తేల్చుకున్నాడు. చెరలో పడిన అంగుష్ఠుడు బయటికొచ్చాడు. మధ్యముడు సగం లేచాడు. అనామికా కనిష్ఠికా ఇప్పటికీ సంధికి రాని సామంతులే. కానీ అసలు గడ్డు ఘట్టం ఇంకా ఉంది.

ముంజేతిని తిప్పే పిడి తగిలించిన రోజు అది. "అయ్యా, చెయ్యి ఇట్లా తిప్పండి. పైకి. ఏదన్నా అడిగేటప్పుడు చెయ్యి చాపుతారు కదా, అట్లా."

గది నిశ్శబ్దమైంది. మామ ముఖంలో భీష్మప్రతిజ్ఞ మెరిసింది. "నేను ఎవురి ముందరా..." అని మొదలుపెట్టి ఆగాడు. వెల్లకిలా చెయ్యి తిరగాలంటే భుజం నుంచి దిగే కండ ఒకటీ, మోచేతి దగ్గరి చిన్న కండ ఒకటీ కలిసి రెండు ముంజేతి ఎముకల్ని ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాలి. మామ విషయంలో వాటికి తోడు అరవైనాలుగేళ్ల పౌరుషమూ ఒప్పుకోవాలి. మోటారు తోడు వస్తున్నా చెయ్యి ఎదురు తోసింది. తెర మీద బంతులు వరసగా ఓడి నేలరాలాయి. ఒకటి, రెండు, పది, ఇరవై. ఫిజియో అమ్మాయి ఆట ఆపింది.

"మామా," అన్నాను, "బలి చక్రవర్తి దగ్గరికి వచ్చింది ఎవురు?"

"వామనుడు."

"ఆయన కడుపులో ఎన్ని లోకాలుండాయి?"

"పద్నాలుగు."

"అన్నీ పెట్టుకోని కూడా ఆయన చెయ్యి ఎట్లా పెట్టినాడు? బోర్లా పెట్టినాడా, ఎల్లకిలా పెట్టినాడా?"

మామ చాలాసేపు తెర వైపు చూశాడు. ఒక్క గుటక మింగాడు. "ఎయ్ బిడ్డా, ఆట ఎయ్" అన్నాడు. టింగ్ రాలేదు ఆ రోజు. కానీ ఓడిన బంతుల్లో ఒకటి బ్యాటు అంచుకు వెంట్రుకవాసిలో పోయింది. తిరుగు బస్సులో, కాట్పాడి దాటాక, నేను నిద్రపోతున్నాననుకుని, మామ కుడిచేతిని ఒడిలో పెట్టుకుని ఎడమచేత్తో పట్టి మెల్లగా వెల్లకిలా తిప్పడం, అది బోర్లా పడిపోవడం, మళ్లీ తిప్పడం, ఓరకంట చూశాను. చిత్తూరు దాకా అదే పని.

ఇక నాయకాభ్యుదయం. సదుం ఇంటి వసారాలో, సాయంసంధ్య గుట్టల మీద కుంకుమ ఆరబోసుకున్న వేళ, కొట్టంలో చిన్నావు అంబా అన్న ముహూర్తాన, అత్త తెడ్డుతో కెలికిన సంగటి కుండ దించింది. పొగ లేచింది. హోమధూమమంటే అది! తట్టలో కొండంత సంగటి, దాని పక్కన లోయలో ఊరుబిండి, అవతలి తీరాన పచ్చిపులుసు చెరువు. అత్త అలవాటుగా ముద్ద కలపబోయింది. మామ ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

కుడిచెయ్యి బయలుదేరింది. దాని నడక పట్టపుటేనుగు నడక. తొడ మీద నుంచి లేచింది, మధ్యలో ఒకసారి ఆగింది, భుజం పైకెగిరింది, మోచేయి పక్కకు పోయి చెంబును తాకింది, చెంబు ఘల్లుమంది, మంగళవాద్యం. తట్ట అంచు చేరింది. మణికట్టు లేచింది. పిడికిలి, ముందు అంగుష్ఠుడు, వెనక తర్జని, ఆ వెనక మధ్యముడు సగం మనసుతో, విచ్చుకుంది. కావలసినంత కాదు. ముద్ద పట్టేంత. వేళ్లు వేడి సంగటిలోకి దిగాయి. మామ "స్స్..." అన్నాడు. "కాలిందా?" అంది అత్త. "కాలింది!" అన్నాడు మామ, మోక్షం దొరికినవాడిలా.

ముద్ద లేచింది. అది గుండ్రంగా లేదు, చెరువుకట్ట మట్టిపెళ్లలా ఉంది. చంద్రుడి కుందేలు గుంట లేదు. ఊరుబిండిలో సగం మునిగి, పులుసులో అనవసరంగా ఈది, గడ్డం దగ్గర పావువంతు సమర్పించుకుని, మీసాన్ని ఎర్రగా చేసి, తెల్లచొక్కా మీద ఒక దానపత్రం రాసి, చివరికి ముఖద్వారం చేరింది. ఇప్పుడు వదలాలి. పట్టడం కన్నా వదలడం కష్టం ఈ రోగంలో, మూసే కండలు దొరికినదాన్ని దొరికినట్టు బిగిస్తాయి. వేళ్లు నోట్లోనే ఉండిపోయాయి. కొరికి, నాకి, పళ్లతో వేళ్లను బతిమాలి, ముద్దను కొల్లగొట్టాడు మామ.

"చొక్కా చూడు, పొద్దున్నే ఉతికినాను" అంది అత్త. ఆమె గొంతు సరిగ్గా లేదు.

మామ నమిలాడు. మింగాడు. గడ్డం మీది పులుసును ఎడమచేత్తో తుడుచుకున్నాడు. తట్టలో సంగటి ఇంకా కొండంత ఉంది. ఇంకొకసారి దాని దాకా పోయే ఓపిక ఆ చేతిలో లేదు, భుజం వణుకుతోంది. ఆ చెయ్యి ఒడిలో బోర్లా పడి ఉంది. మామ దాన్ని చూశాడు, తర్వాత అత్తను చూశాడు. ఎడమచెయ్యి సాయానికి రాబోతే వెనక్కి పంపాడు. ముంజేయి కదిలింది. రెండెముకలూ మెల్లగా ఒకదాని పక్కకు ఒకటి జరిగాయి. అరచెయ్యి, పులుసు మరకలతో, సగం విచ్చుకున్న వేళ్లతో, ఒక్కొక్క డిగ్రీ లెక్కపెట్టుకుంటూ ఆకాశం వైపు తిరిగింది, అత్త ముందరికి చాచుకుంది.

"ఇంగొక ముద్ద పెట్టు."